ఆడపక్షి సింగారం ఎవరి కోసం?

మగపక్షికి సొగసు, ఆడపక్షికి మాసిన రంగు అన్న పాఠం అందరం చదువుకున్నదే. ఆ పాఠానికి లొంగని పక్షుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లోంచి కొన్నింటిని ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మగనెమలి పింఛం ఆడనెమలిని మెప్పించడానికే అంటారు. మరి చాలా జాతుల్లో ఆడపక్షికి కూడా తురాయి, రంగు మచ్చలు, మెరిసే ఈకలు ఉంటాయి. అవి తండ్రి పోలికగా వచ్చినవేనా, వాటికంటూ ఏమైనా పని ఉందా?

జవాబు: రెండూ ఉన్నాయి. ఏ జాతిలో ఏది అన్నదే తేల్చుకోవాలి. తండ్రి పోలిక అన్న వాదన డార్విన్‌ది. 1871లో లైంగిక వరణం (జత కోసం జరిగే పోటీ, ఎంపికల వల్ల లక్షణాలు పెరగడం) గురించి రాస్తూ, మగవాటిలో పెరిగిన అలంకారం వారసత్వంగా ఆడవాటికీ కొంత సంక్రమించిందని ఆయన అన్నాడు. ఆయన కాలపువాడే అయిన మరో ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ దారి వేరు. పైకి కనబడే గూట్లో పొదిగే ఆడపక్షి రంగు శత్రువు కంటబడకుండా మాసిపోయిందనీ, తొర్రల్లోనో కప్పున్న గూట్లోనో పొదిగే జాతుల్లో ఆడవి కూడా నిశ్చింతగా రంగులతో తిరుగుతాయనీ ఆయన వాదించాడు.

డార్విన్ మాటకు జన్యుశాస్త్రం బలం ఉంది. పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యు. ఆ డబ్ల్యు మీద ఉన్నవి తప్ప మిగిలిన జన్యువులన్నీ ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. అందువల్ల మగవాటిలో నెగ్గిన రంగు మొదట్లో ఆడవాటిలోనూ తేలుతుంది. ఆడదానికి అది చేటు చేస్తే క్రమంగా ఇద్దరి దారులూ విడిపోతాయి. ఇది చాలా తరాలు పట్టే వ్యవహారమని 1980లో రస్సెల్ లాండే అనే జీవశాస్త్రవేత్త గణితంతో చూపాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ వాదన రంగు ఎలా వచ్చిందో చెబుతుంది, ఎందుకు నిలిచిందో చెప్పదు. పైగా వంశవృక్షాలు గీసి చూస్తే కథ చాలాచోట్ల తిరగబడుతుంది. అమెరికా ఖండాల ఓరియోల్ పిట్టల పూర్వీకుల్లో ఆడా మగా రెండూ రంగులవేనని, తర్వాత కొన్ని శాఖల్లో, ముఖ్యంగా వలసపోయే జాతుల్లో, ఆడవాటి రంగు పోయిందని తేలింది. 2015లో 5,983 జాతుల పాటపిట్టల్ని పోల్చిన పరిశీలన కూడా ఇటే మొగ్గింది: ఒళ్లు పెద్దదైన జాతుల్లో, ఉష్ణమండల జాతుల్లో ఆడా మగా ఇద్దరికీ అలంకారం ఎక్కువ. మగవాటి మధ్య జతకోసం పోటీ ముదిరిన జాతుల్లో మగదాని రంగు పెరిగింది, ఆడదాని రంగు తగ్గింది. ఏ జాతినైనా తీసుకుని ముందు అడగవలసింది ఇది: ఈ ఆడపక్షి దేనికోసం సాటి పక్షులతో తగవు పడుతోంది? గూటి చోటు కోసమా, తిండి కోసమా, జత కోసమా? జవాబు దొరికితే రంగు సంగతి సగం తేలినట్టే.

ప్రశ్న: ఎక్లెక్టస్ చిలుకల్లో మగది పచ్చన, ఆడది ఎరుపు, నీలం. ఇంత తేడా ఎందుకు? వాటిలో మగదే పొదుగుతుందా?

జవాబు: లేదు, పొదిగేది ఆడదే. ఈ చిలుకను అంత ఆసక్తిగా చూడటానికి కారణం కూడా అదే. ఆడామగల రంగులు ఎంత వేరంటే, 19వ శతాబ్దంలో చాలాకాలం వీటిని రెండు వేర్వేరు జాతులుగా లెక్కేశారు.

ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్ అడవుల్లో వీటిని ఏళ్ల తరబడి గమనించిన హైన్‌సోన్, లెగ్, ఎండ్లర్ అనే శాస్త్రవేత్తలు 2005లో వివరణ ఇచ్చారు. గూటికి పనికొచ్చే తొర్రలు చాలా తక్కువ. ఉన్నవాటిలోనూ వానకు నీరు నిండి పిల్లలు మునిగిపోయేవి కొన్ని. తడవని తొర్ర దొరికిన ఆడచిలుక దాన్ని వదిలి కదలదు. ఏడాదిలో ఎక్కువ నెలలు గుమ్మం దగ్గరే కాపలా. తొర్ర కోసం ఆడచిలుకలు చచ్చేలా కొట్టుకుంటాయి. మాను బెరడు మీద ఆ ఎరుపు దూరానికే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ తొర్రకు యజమానురాలు ఉందన్న బోర్డు అన్నమాట. డేగ వస్తే తొర్రలోకి దూరిపోవచ్చు కాబట్టి ఆ రంగు వల్ల ముప్పు తక్కువ.

మగది చెట్టు చెట్టూ తిరిగి తిండి తెచ్చి పెట్టాలి. ఆకుల మధ్య అది వేటపక్షికి ఆనకూడదు. పచ్చరంగు అందుకు. కానీ ఆ పచ్చదనంలో అతినీలలోహిత కాంతిని వెనక్కి పంపే గుణం ఉంది. చిలుకల కంటికి అది బాగా తెలుస్తుంది, వేటపక్షుల కంటికి అంతగా తెలియదు. ఒక ఆడదానికి ఒక్కోసారి ఐదారు మగచిలుకలు తిండి మోస్తాయి. కనుక మగవాటి మధ్యా పోటీ ఉంది, ఆడవాటి మధ్యా పోటీ ఉంది. పోటీ పడే వస్తువే వేరు, దాక్కునే చోటే వేరు.

ప్రశ్న: మగది పొదిగే జాతుల్లో ఆడది రంగులతో ఉంటుందని విన్నాం. ఇది నియమమేనా?

జవాబు: తరచుగా నిజం, నియమం మాత్రం కాదు. ఫాలరోప్ అనే నీటిపక్షుల్లో ఆడది ముదురు రంగుది. నాలుగు గుడ్లు పెట్టి మగదానికి అప్పగించి మరో జత వెతుక్కోవచ్చు. దాదాపు ఇరవై రోజులు పొదిగేది మగదే. పెయింటెడ్ స్నైప్‌లో, పూరేడులా కనిపించే బటన్ క్వెయిల్‌లో కూడా ఆడదే నిగనిగలాడుతుంది. తామరాకుల మీద నడిచే జకానాల దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. వాటిలోనూ మగదే పొదుగుతుంది, కానీ ఇద్దరి రంగూ ఒకటే. పోటీ అంతా ఒంటి బరువులోకి వెళ్లింది. కంచురెక్కల జకానా ఆడది మగదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు తూగుతుంది.

ఇంకోవైపు ఉత్తర అమెరికా బెల్టెడ్ కింగ్‌ఫిషర్ అనే లకుముకి పిట్టను చూడండి. ఆడదానికి పొట్టమీద మగదానికి లేని ఇటుకరంగు పట్టీ ఉంటుంది. పొదగడం మాత్రం ఇద్దరూ వంతులేసుకుంటారు. పనులు తారుమారయ్యాయన్న వివరణ అక్కడ నడవదు.

ప్రశ్న: నాలుగేళ్ల పెట్ట గుడ్లు మానేసింది. పుంజులాంటి ఈకలు, కాలికి ముల్లు వచ్చాయి. ఇదెలా సాధ్యం?

జవాబు: కోడి, నెమలి, బాతు కుటుంబాల్లో మగ ఈక తయారు కావడానికి మగ హార్మోను అక్కరలేదు. ఆడ హార్మోను ఈస్ట్రోజన్ లేకపోతే చాలు, ఈక దానంతటదే మగ తీరులో వస్తుంది. ఆడపక్షి సాదా రంగు ఈస్ట్రోజన్ అణచిపెట్టడం వల్ల వచ్చింది. పెట్టలో పనిచేసేది సాధారణంగా ఎడమ అండాశయం ఒక్కటే. గడ్డ వల్లనో వయసు వల్లనో అది పనిచేయడం మానేస్తే అణచేది పోతుంది. ఒక్కోసారి కుడివైపు మొగ్గగా మిగిలిన భాగం పెరిగి మగ హార్మోను కూడా విడుదల చేస్తుంది, అప్పుడు పెట్ట కూస్తుంది కూడా.

ఈక మొలిచాక అది నిర్జీవ వస్తువు, దాని రంగు లోపలి నుంచి మారదు. కొత్త తీరు ఈకలు రాల్చి మళ్లీ మొలిచాకే బయటపడుతుంది. అనుమానం ఉంటే వీపు మీద రెండు మూడు ఈకలు పీకి, కొన్ని వారాలకు మొలిచే కొత్తవాటిని పాతవాటితో పోల్చండి. అసలు అది పెట్టేనా అన్నది తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్ష ఉంది. అప్పుడే పీకిన ఈకలు మూడు నాలుగు, మొదలు చేత్తో తాకకుండా కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మకు బూజు పట్టి నమూనా చెడుతుంది. రాలిపడిన పాత ఈకలో పనికొచ్చే కణాలు తక్కువ. పరీక్షలో జెడ్, డబ్ల్యు రెండింటి మీదా ఉండే సీహెచ్‌డీ జన్యువుకు రెండు గీతలు వస్తే ఆడది, ఒకటే వస్తే మగది.

దీనికి సరిగ్గా తలకిందులు సీబ్రైట్ కోళ్లు. ఆ పుంజు చర్మం మగ హార్మోను అయిన టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది, అందుకే దానికి పెట్ట ఈకలే. ఇక ఈ సూత్రాన్ని అన్ని పక్షులకూ అంటగట్టకండి. ఫాలరోప్‌లలో రంగు తేల్చేది టెస్టోస్టిరానే. ఊరపిచ్చుకలో ఈకల తేడాకు హార్మోన్లతో సంబంధం లేదు, ముక్కు నల్లబడటానికే ఉంది.

ప్రశ్న: మగపక్షులు నిజంగా అందమైన ఆడదాన్ని ఎంచుకుంటాయా? కాలేజీ ప్రాజెక్టుగా పరీక్షించవచ్చా?

జవాబు: ఎంచుకుంటాయని చెప్పే గట్టి ప్రయోగాలున్నాయి. క్రెస్టెడ్ ఆక్‌లెట్ అనే సముద్రపు పక్షికి ఆడామగా తేడా లేకుండా నుదుటి మీద ముందుకు వంగిన తురాయి ఉంటుంది. జోన్స్, హంటర్ అనే పరిశోధకులు పొడుగు, పొట్టి తురాయిలున్న బొమ్మ పక్షుల్ని పెట్టి చూశారు. 1993లో వచ్చిన ఫలితం ప్రకారం మగవి పొడుగు తురాయి ఆడబొమ్మ ముందు ఎక్కువ వయ్యారాలు పోయాయి, ఆడవి మగబొమ్మల దగ్గర అదే పని చేశాయి. నీలిగొంతు పిట్టల్లో 1997 నాటి పంజరం ప్రయోగంలో మగవి రంగు తేలిన ఆడదాని పక్కనే ఎక్కువసేపు గడిపాయి. అయితే ఆ రంగుకూ ఆ ఆడపక్షి ఆరోగ్యానికీ, సంతానానికీ సంబంధం ఉందా అని తర్వాత వెతికితే ఏమీ దొరకలేదు. ఇష్టం ఉన్నంత మాత్రాన ఆ రంగు నాణ్యతకు గుర్తని అనుకోవడం తొందరపాటే. కోళ్లలో లింకు గట్టిది: నెత్తి మీద ఎర్రజుట్టు పెద్దదైన పెట్టలు బరువైన గుడ్లు పెడతాయి, పుంజులు అలాంటి పెట్టలకే ఎక్కువ వీర్యం కేటాయిస్తాయి.

మీ ప్రాజెక్టుకు పంజరాల్లో పుట్టి పెరిగిన జీబ్రాఫించ్ వంటి పిట్టలు చాలు, అడవిపక్షుల్ని పట్టకండి. మధ్య గదిలో మగది, రెండు చివరల ఒక్కో ఆడది. ఆడవి ఒకదానికొకటి కనబడకుండా అడ్డు. మగదాన్ని పది నిమిషాలు అలవాటు పడనిచ్చి, తర్వాత ఇరవై నిమిషాలు ఏ వైపు ఎంతసేపు ఉందో రాసుకోండి. వెంటనే ఆడవాటి చోట్లు మార్చి మళ్లీ ఇరవై నిమిషాలు. ఈ మార్పిడి చేయకపోతే ఫలితం విలువలేనిది, ఎందుకంటే చాలా పిట్టలకు ఒక మూల ఊరికే నచ్చుతుంది. అదే మగదాన్ని పదిసార్లు పరీక్షిస్తే అది పది లెక్క కాదు, ఒకటే. కనీసం ఇరవై వేర్వేరు మగపిట్టలు కావాలి.

ఎక్కువ ప్రాజెక్టులు చెడేది అద్దం దగ్గర, దీపం దగ్గర. గదుల మధ్య అడ్డుపెట్టే మామూలు గాజు పలకలు, చాలారకాల యాక్రిలిక్ పలకలు అతినీలలోహిత కాంతిని ఎంతో కొంత ఆపేస్తాయి. పక్షికి ఆ రంగు కనబడకుండా చేసి ఇష్టం లేదని రాస్తే ఎలా? సన్నని తీగ జాలీ వాడండి. పాతరకం చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు మినుకుమంటుంది, మనకు తెలియదు గానీ కొన్ని పిట్టలకు తెలుస్తుంది. పగటి వెలుగు వచ్చే తెరిచిన కిటికీ పక్కనే మేలు. చివరగా, అదే అమరికలో ఆడవాటి బదులు రెండు మగవాటిని పెట్టి ఒక విడత చేయండి. అప్పుడు కూడా రంగున్న వైపే వెళ్తే అది జత కోసం కాదు, తోడు కోసమో వట్టి ఆకర్షణో.

ఆరుబయట రంగున్న మగది రంగున్న ఆడదానితోనే జతకట్టి ఉంటే ఎంచుకున్నాయనడానికి అది సాక్ష్యం కాదు. ముందొచ్చిన పెద్దవయసు పక్షులన్నీ ముందే జతకడితే కూడా అచ్చం అలాగే కనబడుతుంది.

ప్రశ్న: పసుపు, ఎరుపు రంగులు తిండి నుంచి వస్తాయంటారు. మరి గుడ్లలోకి కూడా అదే వర్ణకం వెళ్లాలి కదా? ఆడపక్షి రెంటికీ ఎలా సర్దుతుంది?

జవాబు: మంచి పాయింటు. ఆ పసుపు, ఎరుపు వర్ణకాలైన కెరోటినాయిడ్లను పక్షి స్వయంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. పచ్చసొనకు ఆ రంగు ఇచ్చేవీ ఇవే. ఒంటి సింగారానికి ఎక్కువ ఖర్చుపెట్టిన ఆడదానికి గుడ్లలో పెట్టడానికి తక్కువ మిగిలితే, అలాంటిదాన్ని మగది ఎందుకు కోరుకోవాలి అని 1995లో ఫిట్జ్‌ప్యాట్రిక్ బృందం అడిగింది. ఆడవాటి అలంకారం ఎందుకు ఓ హద్దులో ఉంటుందో చెప్పే వాదనల్లో ఇది బలమైనది.

కానీ లెక్కలో కాలాన్ని మరిచిపోతుంటారు. చాలా జాతులు పిల్లల్ని లేపాక ఈకలు మారుస్తాయి. ఈకలోకి వర్ణకం ఎక్కేది ఆ కొద్ది వారాల్లోనే. మరుసటి వసంతంలో పెట్టే గుడ్డుతో దానికి నేరుగా పేచీ లేదు. ముక్కు, కాళ్లు, కంటిచుట్టూ చర్మం అలా కాదు. అవి వారాల్లోనే రంగు మారతాయి. ఈ తగువు కొలవాలంటే ఈకల్ని వదిలి ముక్కుని కొలవండి. అమెరికన్ గోల్డ్‌ఫించ్‌లలో ఆడదాని ముక్కు జతకట్టే కాలంలో నారింజరంగుకు తిరుగుతుంది. 2009 ప్రయోగంలో ముక్కు బాగా నారింజరంగు తేలిన ఆడబొమ్మ పక్కనున్న గింజల దగ్గరికి మిగతా ఆడపిట్టలు రావడానికి జంకాయి. ఆ రంగు ఆడవాళ్ల మధ్య మాటే.

ప్రశ్న: ఆడ హమ్మింగ్ బర్డ్‌లు మగవేషం వేస్తాయట, నిజమేనా?

జవాబు: పనామాలోని తెల్లమెడ జాకోబిన్ జాతిలో పెద్దయిన ఆడవాటిలో ఐదోవంతు మగవాటిలాగే నీలం, తెలుపు మెరుపుతో ఉంటాయి. 2021లో వచ్చిన పరిశీలన ఒక ముఖ్యమైన సంగతి పట్టుకుంది: పిల్లపక్షులన్నీ, ఆడవైనా మగవైనా, ఆ మెరుపుతోనే మొదలవుతాయి. పెద్దయ్యాక ఎక్కువ ఆడవి దాన్ని వదిలేస్తాయి. జతకోసమే అయితే జతకట్టే వయసులో రంగు రావాలి, ఇక్కడ వయసు రాకముందే ఉంది. బొమ్మలు పెట్టి చూస్తే మాసిన రంగు ఆడవాటినే మగవి ఎక్కువ వేధించాయి. మగవాటిలా ఉన్న ఆడవాటికి తేనెనీటి గొట్టాల దగ్గర ఎక్కువసేపు తాగే వీలు చిక్కింది. తిండి దగ్గర తోపులాట ఎంత బలమైన కారణమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రశ్న: ఆడామగల రంగు తేడాను ఫోన్ ఫొటోలతో కొలవవచ్చా?

జవాబు: కొలిచి అచ్చేయడానికైతే వద్దు. మన కన్ను దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే చూస్తుంది. చాలా పక్షులకు దానికింద అతినీలలోహితం కూడా కనిపిస్తుంది, వాటి కంట్లో రంగు గ్రాహకాలు నాలుగు రకాలు. మనకు ఆడామగా ఒకేలా కనిపించే 139 జాతుల పాటపిట్టల్ని 2005లో పక్షికంటి లెక్కన కొలిస్తే 90 శాతానికి పైగా జాతుల్లో తేడా బయటపడింది.

మెలనిన్‌తో వచ్చే నలుపు, గోధుమరంగు మచ్చల వైశాల్యం కొలవడానికి మామూలు కెమెరా సరిపోతుంది. ఫ్లాష్ తీసేసి, నీడపట్టున, పక్షి పక్కనే బూడిదరంగు ప్రామాణిక కార్డు, స్కేలు ఉంచి, రా ఫార్మాట్‌లో (కెమెరా సొంతంగా మార్పులు చేయని మూల ఫైలుగా) తీయండి. రంగు గాఢత కావాలంటే 300 నుంచి 700 నానోమీటర్ల దాకా చూసే స్పెక్ట్రోమీటరు (ఒక్కో తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి వెనక్కి వస్తోందో కొలిచే పరికరం) వాడాలి. ఐదారు ఈకల్ని పక్షి ఒంటిమీద ఉన్నట్టే ఒకదానిమీద ఒకటి నల్ల వెల్వెట్ గుడ్డ మీద పేర్చి, పరికరం గొట్టం కోణం కదలకుండా, ప్రతిసారీ ఎత్తి పెట్టి ఐదు రీడింగులు తీసి సగటు వేయండి. ప్రతి పక్షికీ ముందు తెల్ల ప్రామాణిక పలకతో సరిచూసుకోవాలి. మెరిసే ఈకలకు కోణం కాస్త మారినా అంకె మారిపోతుంది.

మ్యూజియంలో దాచిన పక్షుల చర్మాలు కొలిచేవాళ్లకు రెండు మాటలు. పాత చర్మాలకు ఆర్సెనిక్ పూసి ఉంటారు, చేతికి తొడుగులు తప్పనిసరి. చీటీ మీద ఆడ, మగ అని రాసింది కోసి చూసి రాశారా, రంగు చూసి రాశారా అన్నది వాకబు చేయండి. రంగు చూసి మగది అని రాసినవాటిని కొలిచి మగవి రంగులవి అని తేల్చడం గుండ్రంగా తిరగడమే. మగలా కనిపించే ఆడపక్షులు లెక్కల్లోంచి జారిపోయింది ఇలాగే.

ప్రశ్న: పాట కూడా అలంకారమే కదా, ఆడపక్షులు పాడతాయా?

జవాబు: పాడతాయి. 2014లో ఒక అంతర్జాతీయ బృందం సమాచారం దొరికిన పాటపిట్ట జాతుల్ని పరిశీలిస్తే 71 శాతంలో ఆడవీ పాడుతున్నట్టు తేలింది, పాటపిట్టల తొలి పూర్వీకుల్లో కూడా ఆడవి పాడేవని లెక్క వచ్చింది. పాత పుస్తకాలకు ఇది తట్టకపోవడానికి కారణం, వాటిలో ఎక్కువ ఐరోపా, ఉత్తర అమెరికా పక్షుల్ని చూసి రాసినవి. అక్కడి జాతుల్లో ఆడదాని పాట తక్కువ. పాట రికార్డు చేసేటప్పుడు పక్షి కాలికి రంగు ఉంగరాలు లేకపోతే, పాడినది ఏదో కళ్లారా చూడకపోతే, నోటుపుస్తకంలో లింగం గడిని ఖాళీగా వదిలేయండి.